తాళాలు ఇచ్చేసే ముందు

(ఉపాధ్యాయులు, ఉద్యోగులు, చిన్న వ్యాపారులు కూడిన ఒక ఆదివారం సాయంత్రం ఒంగోలులో చేసిన ప్రసంగానికి లిఖిత రూపం)

సభకు నమస్కారం.

నేను ముప్పై ఏళ్లు జూనియర్ కళాశాలలో కామర్స్ చెప్పానని నన్ను పరిచయం చేసిన మిత్రులు అన్నారు. భారమైన కారు అప్పు నుంచి ఎలా బయటపడాలన్న ఈ విషయం మీద మాట్లాడడానికి నాకున్న అర్హత మాత్రం వేరే ఉంది. ఏటా పిల్లలకు అద్దె కొనుగోలు పద్ధతి పాఠం చెబుతూ, ప్రతి వాయిదాలో వడ్డీ ఎంత, అసలు ఎంత అని నల్లబల్ల మీద విడగొట్టి చూపించినవాడినే, నా సొంత కారు అప్పు దగ్గరికి వచ్చేసరికి ఆ లెక్క కాగితం మీద పెట్టడానికి పద్నాలుగు నెలలు తాత్సారం చేశాను. ఆ పద్నాలుగు నెలల గురించే ఈ సాయంత్రం చెబుతాను.

కారు కొన్న పదో నెలలో నా కష్టం మొదలైంది. విడవలూరు వైపు మా బావమరిది రొయ్యల గుంటలు లీజుకు తీసుకున్నాడు. వైట్ స్పాట్ అనే తెగులు తగిలితే వనామి రొయ్య రోజుల్లో తుడిచిపెట్టుకుపోతుందని నెల్లూరు తీరంలో ఎవరిని అడిగినా చెబుతారు. అతని గుంటలకూ అదే జరిగింది. అతని ప్రాంసరీ నోట్ల మీద జామీనుగా సంతకం చేసింది నేను. జామీనుదారుడి బాధ్యత అసలు అప్పుదారుడి బాధ్యతతో సమానమని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ చెబుతుంది కాబట్టి, అప్పిచ్చినవాళ్లు ముందు అతని గడప తొక్కి తర్వాతే నా గడపకు రావాలన్న నియమమేమీ లేదు. నెల జీతం వచ్చేవాడి ఇల్లు వాళ్లకు సులువుగా కనిపించింది. మొత్తం ఆరు లక్షలు, నూటికి రెండు రూపాయల వడ్డీ. అంటే నెలకు పన్నెండు వేలు వడ్డీకే పోయేది.

దీనికి తోడు కారు కంతు. ఆన్‌రోడ్ ధర 9,75,000 రూపాయల కారుకు చేతి నుంచి 1,75,000 పెట్టి, మిగిలిన 8,00,000 బ్యాంకులో తొమ్మిదిన్నర శాతం వడ్డీకి 84 నెలల గడువుతో తీసుకున్నాను. నెలకు 13,075 రూపాయలు. ఏ బ్యాంకన్నది ఇక్కడ అనవసరం.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెబుతాను. అది తెలివితక్కువ తప్పు కాదు, తెలివైనవాళ్లే చేసే తప్పు. నా అప్పులన్నిటినీ వడ్డీ రేటు ప్రకారం వరుసగా రాసుకున్నాను. నోట్లకు ఏడాదికి 24 శాతం, కారుకు 9.5 శాతం. ఎక్కువ వడ్డీ ఉన్న అప్పును ముందు తీర్చాలి, తక్కువ వడ్డీ అప్పును చివరిదాకా ఉంచుకోవాలి అన్నది మేం చెప్పే పాఠమే కదా. అందుకని కారు జోలికి పోకూడదని తీర్మానించుకున్నాను. పాఠంలో తప్పు లేదు. కానీ ఆ పాఠం అప్పు ఖరీదును మాత్రమే చెబుతుంది, అప్పు చేసి కొన్న వస్తువు తినే మేతను చెప్పదు. కంతు 13,075, ఇన్సూరెన్సును నెలలకు పంచితే 2,500, పెట్రోలు 5,000, సర్వీసింగు, టైర్లు, పార్కింగులకు ఇంకో 1,500 కలిపితే నెలకు ఇరవై రెండు వేలు ఆ కారు మీద పోతున్నాయి. ఆ ఇరవై రెండు వేలు జీతంలోంచి పోయాక ఇల్లు గడవక, ఆ పద్నాలుగు నెలల్లో మూడుసార్లు యాభై వేల చొప్పున మళ్లీ రెండు రూపాయల వడ్డీకి నోటు రాశాను. మరో మాటలో, తొమ్మిదిన్నర శాతం అప్పు కట్టడానికి ఇరవై నాలుగు శాతానికి అప్పు తెచ్చాను. నా వరుసలో అన్నిటికంటే చవకైన అప్పే, అన్నిటికంటే ఖరీదైన అప్పును ఈని పెడుతోంది.

లెక్క పెట్టకుండా అంత కాలం ఆగడానికి కారణం పరువు. మన ఒంగోలు ప్రాంతంలో ఒకప్పుడు ఇంటి ముందు గాటికి కట్టిన ఎడ్ల జతను చూసి ఆ ఇంటి స్థితి చెప్పేవారు. సముద్రాలు దాటి బ్రెజిల్‌కు వెళ్లి అక్కడ నెలోర్ అనే పేరుతో స్థిరపడిన పశువుల జాతి అది. కరువు సంవత్సరంలో కూడా రైతు మిగిలినవన్నీ అమ్మి ఎడ్లను చివరికి అమ్మేవాడు, ఎడ్లమ్ముకున్నాడన్న మాట పడలేక. ఆ రైతుకు ఒక సమర్థన ఉంది: ఎడ్లు పోతే సేద్యం పోతుంది. నా కారు కాలేజీకి నాలుగు కిలోమీటర్లు వెళ్లి సాయంత్రం దాకా వేపచెట్టు కింద నిలబడేది. అయినా, కారు ఏదని ఎవరైనా అడుగుతారేమో అన్న భయం, నోటు మీద మూడోసారి సంతకం పెట్టేటప్పుడు కలిగిన భయం కంటే పెద్దదిగా ఉండేది. ఇది ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

చివరికి కొన్న ఇరవై నాలుగో నెలలో బ్యాంకుకు వెళ్లి లోన్ స్టేట్‌మెంటు తెచ్చుకున్నాను. ఇరవై నాలుగు కంతుల్లో నేను కట్టింది సుమారు 3,13,800 రూపాయలు. అందులో అసలుకు చేరింది 1,77,400. మిగిలిన 1,36,000 పైచిలుకు వడ్డీ. ఇంకా 6,22,500 రూపాయల బాకీ ఉంది. దాని పక్కన ఇన్సూరెన్సు కాగితం పెట్టి చూశాను. మోటారు ఇన్సూరెన్సులో బండి విలువను, అంటే ఐడీవీని, ఒక పట్టిక ప్రకారం తగ్గిస్తారు: ఏడాది నిండేసరికి 15 శాతం, రెండో ఏడు 20 శాతం, రెండేళ్లు దాటితే 30 శాతం. నా కారు షోరూము ధర 8,25,000. ముప్పై శాతం తీసేస్తే 5,77,500. అంటే ఆ రోజు కారు ఏ ప్రమాదంలోనో పూర్తిగా నుజ్జయిపోతే, ఇన్సూరెన్సు కంపెనీ ఇచ్చే సొమ్ము మొదట బ్యాంకుకే పోయి, అదీ చాలక, లేని కారుకు నేను ఇంకో నలభై అయిదు వేలు కట్టాల్సి ఉండేది. మీలో కారు అప్పు ఉన్నవాళ్లు ఈ రెండు కాగితాలనూ ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. నేను రెండేళ్లు వాటిని వేర్వేరు ఫైళ్లలో ఉంచాను.

సరే, కారు వదులుకోవాలని నిశ్చయించుకున్నాను. ఎలా వదులుకోవాలన్నది రెండో ప్రశ్న. అసలు కష్టం ఇక్కడే ఉంది. మన ఊళ్లలో దీనికి మూడు దారులు వాడుకలో ఉన్నాయి, వాటిలో రెండు గోతులు.

మొదటి గొయ్యి, కంతుల మీద ఇచ్చేయడం. ‘కారు నువ్వు తోలుకో, మిగతా కంతులు నువ్వు కట్టుకో, నాకు చేతికి ఒక లక్ష ఇవ్వు’ అని తెలిసినవాడికి అప్పగించి, యాభై లేదా వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసుకుంటారు. బ్యాంకుకు తెలియదు, ఆర్టీవో ఆఫీసులో పేరు మారదు. బండి తాకట్టులో ఉండగా బ్యాంకు అనుమతి లేకుండా చేతులు మార్చడం లోన్ ఒప్పందానికి విరుద్ధం. అవతలివాడు నాలుగు నెలలు కట్టి మానేస్తే, ఎగవేత మీ పేరు మీద పడుతుంది. అంతకంటే ఘోరం, అతను ఎవరినైనా గుద్దితే నష్టపరిహారం కేసు మీ మీదికి వస్తుంది. బండి చేతులు ఎన్ని మారినా, రికార్డులో పేరు మారనంత కాలం చట్టం దృష్టిలో రిజిస్టరైన వ్యక్తే యజమాని అని సుప్రీంకోర్టు 2018లో స్పష్టంగా తీర్పు ఇచ్చింది. ఈ పద్ధతిలో స్నేహితులైనవాళ్లు శత్రువులైన సందర్భాలు నేను ఒక్క కావలిలోనే మూడు చూశాను.

రెండోది, తాళాలు తీసుకెళ్లి బ్యాంకు మేనేజరు బల్ల మీద పెట్టి రావడం. ఇది చాలా గౌరవంగా కనిపిస్తుంది. ‘మీ వస్తువు మీరు తీసుకోండి, మన లెక్క చెల్లు’ అనిపిస్తుంది. లెక్క చెల్లు కాదు. ఇక్కడ మా పాఠంలోని ఒక తేడా గుర్తుచేస్తాను. అద్దె కొనుగోలు ఒప్పందంలో ఆఖరు వాయిదా కట్టేదాకా వస్తువు ఫైనాన్సరుదే, మనం అద్దెదారులం. 2020లో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట మళ్లీ చెప్పింది. ఇప్పుడు మనం తీసుకునే కారు లోన్లు దాదాపు అన్నీ హైపోథికేషన్ లోన్లు. వీటిలో కారుకు యజమాని మనమే, బ్యాంకుకు దాని మీద తాకట్టు హక్కు మాత్రమే ఉంటుంది. అందువల్ల కారు అప్పజెప్పినంత మాత్రాన అప్పు తీరదు. దాన్ని అమ్మగా వచ్చిన డబ్బును అప్పులో జమ చేసుకుని, తక్కువ పడింది మన దగ్గర వసూలు చేస్తారు, ఎక్కువ వస్తే మనకు తిరిగి ఇవ్వాలి. ఎక్కువ రావడం నేను చూడలేదు. యార్డులో దుమ్ము పట్టి, బ్యాటరీ చచ్చి, యజమాని ఎవరో తెలియకుండా నిలబడ్డ బండికి వేలంలో వచ్చే ధర, ఇంటి ముందు కడిగి తుడిచి నిలబెట్టిన బండికి వచ్చే ధర ఒకటి కావు. నా కారునే మూడు కంతులు ఎగ్గొట్టాక అలా అప్పగించి ఉంటే, వడ్డీ, అదనపు ఛార్జీలు, యార్డు అద్దె కలిసి బాకీ ఆరు లక్షల అరవై వేలకు చేరేదనుకోండి, వేలంలో నాలుగున్నర లక్షలు పలికిందనుకోండి, కారు పోయి కూడా రెండు లక్షల పదివేల అప్పు నా నెత్తిన మిగిలేది. దానికి తాకట్టు ఏమీ ఉండదు కాబట్టి ఆ తర్వాత వసూలు ఒత్తిడి ఇంకా పెరుగుతుంది.

అప్పగించక తప్పని స్థితి కొందరికి వస్తుంది, కాదనను. అప్పుడు సరెండర్ లెటరును, అంటే బండి అప్పగిస్తున్నామని రాసిచ్చే కాగితాన్ని, చదవకుండా సంతకం పెట్టకండి. ఏ ధరకు అమ్మినా నాకు సమ్మతమే అన్న వాక్యం అందులో ఉందేమో చూడండి. బండిలో ఏమేమి ఉన్నాయో జాబితా రాయించుకుని, కిలోమీటర్ల రీడింగుతో సహా నాలుగు వైపులా ఫొటోలు తీసుకోండి. వేలం తేదీ ముందుగా రాతపూర్వకంగా తెలపమని, నేను తెచ్చే కొనుగోలుదారుడిని కూడా పరిశీలించమని ఉత్తరం ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. ఫైనాన్స్ కంపెనీలకు రిజర్వు బ్యాంకు పెట్టిన నియమావళి ప్రకారం, బండి స్వాధీనం చేసుకోవడానికి ముందు నోటీసు ఎంత కాలం ఇస్తారు, అమ్మే ముందు కట్టుకోవడానికి చివరి అవకాశం ఎలా ఇస్తారు, వేలం ఎలా వేస్తారు అన్నవి ఒప్పందంలోనే ఉండాలి. మీ దగ్గర ఒప్పందం నకలు లేకపోతే అడగండి, ఇవ్వాల్సిందే.

నేను మూడో దారి పట్టాను: కంతులు ఇంకా సక్రమంగా నడుస్తుండగానే, బ్యాంకుకు చెప్పి, నా చేతులతో నేనే అమ్మడం. బ్యాంకును ఫోర్‌క్లోజర్ లెటరు అడిగాను. ఫలానా తేదీలోపు ఇంత కడితే ఖాతా మూసేస్తాం, ఆ తర్వాత రోజుకు ఇంత వడ్డీ అని అందులో ఉంటుంది. నాది స్థిర వడ్డీ లోను కాబట్టి ముందే మూసినందుకు మూడు శాతం ఛార్జీ వేశారు. జీఎస్టీతో కలిసి అది ఇరవై రెండు వేలు. మొత్తం కట్టాల్సింది 6,44,600 తేలింది. ఒంగోలులో ఒక బ్రోకరు 5,40,000 అన్నాడు. ఆరు వారాలు ఓపిక పట్టగా కావలి బట్టల వ్యాపారి ఒకాయన 5,90,000కు ఒప్పుకున్నాడు. తాకట్టులో ఉన్న బండికి డబ్బు ఇవ్వడానికి ఎవరైనా జంకుతారు. అందుకే ఆయన్ను బ్యాంకుకే తీసుకెళ్లి, సొమ్ము నా చేతికి కాకుండా నేరుగా లోన్ ఖాతాకు పంపించాను. తక్కువ పడిన 54,600 కోసం మా ఆవిడ రెండు గాజులు వేరే బ్యాంకులో కుదువ పెట్టాం. వేరే బ్యాంకులో ఎందుకో కాసేపట్లో చెబుతాను.

ఖాతా మూసినా పని పూర్తి కాదు. బ్యాంకు ఇచ్చిన ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఫారం 35 తీసుకుని ఆర్సీలో హైపోథికేషన్ కొట్టివేయించాలి. పేరు మార్పిడికి ఫారం 29, ఫారం 30 ఇవ్వాలి. అదే రాష్ట్రంలో అమ్మితే పద్నాలుగు రోజుల్లోగా రిజిస్టరింగ్ అధికారికి తెలపడం అమ్మినవాడి బాధ్యత. కొన్నవాడే చూసుకుంటాడులే అని వదిలేయకండి, నేను ఆయన వెంటపడి చేయించాను. ఇన్సూరెన్సులోని నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, బండికి చెందదు, మనిషికి చెందుతుంది; దాని పత్రం తీసుకుని దాచుకుంటే మూడేళ్లలోపు మళ్లీ కారు కొన్నప్పుడు వాడుకోవచ్చు. ఫాస్టాగ్ సంగతి మాత్రం నేను మరిచిపోయాను. కారు అమ్మిన వారానికి టంగుటూరు టోల్‌గేటు దగ్గర నా ఖాతాలోంచి డబ్బు కోత పడిందని మెసేజ్ వచ్చింది. ఆ పూట కావలి పెద్దమనిషి ఒంగోలు వస్తున్నాడని నాకు ముందుగా తెలిసింది, అంతే లాభం.

ఇప్పుడు గాజుల సంగతి. కంతు తొంభై రోజులు దాటి బాకీ పడితే ఖాతాను ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ, అంటారని మీకు తెలుసు. చాలామందికి తెలియనిది, ఆ ముద్ర ఖాతాకు కాకుండా మనిషికి పడుతుందన్న సంగతి. ఒకే బ్యాంకులో కారు లోను, ఇంటి లోను, పంట లోను ఉంటే, కారు లోను ఒక్కటి ఎన్‌పీఏ అయినా ఆ మనిషి లోన్లన్నిటినీ ఎన్‌పీఏగానే లెక్కిస్తారు. పైగా కాంట్రాక్టు చట్టం 171వ సెక్షన్ కింద బ్యాంకర్లకు తమ దగ్గర ఉన్న ఖాతాదారు వస్తువులను బాకీ తీరేదాకా ఆపుకునే జనరల్ లీన్ అనే హక్కు ఉంది. కొండపి వైపు ఒక పొగాకు రైతు బంగారం లోను అణా పైసలతో కట్టేసి నగలు అడిగితే, కారు లోను బాకీ చూపించి నగలు ఆపారు. ఆయనతో పాటు నేనూ ఆ బ్యాంకు మెట్లెక్కాను. జీతం పడే ఖాతా, కారు లోను, బంగారం మూడూ ఒకే చోట పెట్టుకున్నవాళ్లు ఇబ్బంది మొదలవుతున్న రోజుల్లోనే దీని గురించి ఆలోచించాలి.

ఇప్పటికే కంతులు తప్పి, ఫోన్లు వస్తున్నవాళ్లు కూడా ఈ సభలో ఉండవచ్చు. వాళ్లకు రెండు మూడు విషయాలు చెప్పాలి. వసూలు ఏజెంట్లు ఉదయం ఎనిమిదికి ముందు, సాయంత్రం ఏడు తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో ఆదేశించింది. రౌడీలను పెట్టి బండ్లు లాక్కోవడాన్ని 2007లోనే సుప్రీంకోర్టు తప్పుబట్టి, వసూలు చట్టబద్ధమైన మార్గాల్లోనే జరగాలన్నది. 2023లో పట్నా హైకోర్టు ఇంకా ముందుకు వెళ్లి, ఏజెంట్లతో బలవంతంగా బండి లాక్కోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కుకు భంగమని చెప్పింది. బైపాస్ మీద బండి ఆపి తాళం గుంజుకునేవాడికి ఈ తీర్పులు వినిపిస్తే వింటాడని నేను అనను. కానీ బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, ముప్పై రోజుల్లో సరైన జవాబు రాకపోతే ఖాతాదారుల ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. 2021 నవంబరు నుంచి దేశమంతటికీ ఒకే పథకం ఉంది, ఖర్చు లేదు, 14448 నంబరుకు ఫోన్ చేసి పద్ధతి తెలుసుకోవచ్చు. బాకీ తగ్గించి రాజీ చేసుకోవాలనుకుంటే లోక్ అదాలత్ మంచి చోటు, అక్కడి అవార్డు మీద అప్పీలు ఉండదు కాబట్టి. అయితే అలా తగ్గించి మూసిన లోను మీ అప్పుల చరిత్ర చూపే సిబిల్ రిపోర్టులో ‘సెటిల్డ్’ అని పడుతుంది, ‘క్లోజ్డ్’ అని పడదు. ఆ ఒక్క మాట తేడా తర్వాత ఇంటి లోనుకు వెళ్లినప్పుడు తెలుస్తుంది.

ఐపీ పెడితే, అంటే దివాలా పిటిషన్ వేస్తే, సరిపోతుంది కదా అని మొన్న ఒకరు అడిగారు. మన జిల్లా కోర్టుల్లో వ్యక్తులు వేసే ఐపీలు ఇంకా 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం కిందే నడుస్తున్నాయి. నోట్ల అప్పులవాళ్లను అది నిలపవచ్చునేమో గానీ, తాకట్టు హక్కు ఉన్న బ్యాంకు ఆ వరుసలో నిలబడదు. తన తాకట్టును తాను రాబట్టుకునే అధికారం దానికి అలాగే ఉంటుంది. జామీనుదారులు కూడా బయటపడరు. ఐపీ పెట్టినవాడి జామీనుదారుడి ఇంటి పరిస్థితి ఏమిటో మా ఇంట్లోనే చూశాను.

కారుతోనే బతికేవాళ్ల మాట వేరు. నెల్లూరు నుంచి చెన్నై ఆసుపత్రులకు రోగులను తిప్పే ట్యాక్సీ డ్రైవరుకు కారు అమ్ముకోమని చెప్పడం రైతును ఎడ్లమ్మమనడమే. ఆయన బ్యాంకుకు వెళ్లి గడువు పొడిగించమని, కంతు తగ్గించమని అడగాలి, అదీ కంతు తప్పకముందే అడగాలి.

నా సంగతి ముగించి కూర్చుంటాను. కారు మీద పోయే ఇరవై రెండు వేలలో బస్సులకు, ఆటోలకు నాలుగు వేలు పోగా నెలకు పద్దెనిమిది వేలు మిగిలాయి. మొదటి మూడు నెలలు గాజులు విడిపించడానికి, ఆ తర్వాత, ఎప్పటిలా నోట్ల వడ్డీకి కట్టే పదిహేను వేలకు ఈ పద్దెనిమిది వేలు కలిపి కడుతూ పోతే, ముప్పై ఒక్క నెలలు ఏడున్నర లక్షల నోట్లు తీర్చడానికి పట్టింది. కట్టిన ప్రతిసారీ నోటు వెనుక చెల్లు రాయించాను. చివరి నోటు వెనక్కి తీసుకున్న రోజు దాన్ని చింపకుండా ఇంటికి తెచ్చాను, ఎందుకో తెలియదు. కారు ఏదని ఆ ముప్పై నాలుగు నెలల్లో నన్ను అడిగినవాళ్లు ఇద్దరే. వాళ్లలో ఒకరు కాలేజీ వాచ్‌మన్. వేపచెట్టు కింద ఇక స్కూటర్లు పెట్టించవచ్చా అని తెలుసుకోవడానికి అడిగాడు.

ఆ బల్ల మీద నా ఫోర్‌క్లోజర్ లెటరు, ఫారం 35, చెల్లులు రాసిన ఆ నోటు నకళ్లు ఉన్నాయి, పేర్లు, ఖాతా నంబర్లు కొట్టేసి పెట్టాను. చూడండి. సరెండర్ లెటరు ఇప్పటికే చేతికొచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే, సంతకం పెట్టకముందు నాతో కూర్చుని ఒకసారి చదవండి, హాలు మూసేదాకా ఇక్కడే ఉంటాను.